కొట్టుగది టేపు

ఆమెకు చిన్నప్పటి నుంచీ పాము చెవులని పేరు. పక్కగదిలో ఇద్దరు గుసగుసలాడుకుంటే ఇక్కడ ఈమెకు అక్షరం పొల్లుపోకుండా తెలిసిపోయేది. పెద్దయ్యాక ఆ చెవులే ఆమెకు అన్నం పెట్టాయి. పాత సినిమాల శబ్దంలో చేరిన చిటపటలూ గరగరలూ తీసేసి, మాట మళ్ళీ మాటలా వినబడేలా చేయడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా ఒకే స్టూడియోలో, కిటికీ లేని ఒకే గదిలో, హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునేది. తోటివాళ్ళు పాముచెవి అని పిలిచేవారు. మొదట్లో ఉడుక్కునేది గాని, తర్వాత్తర్వాత తనే ఫోన్ ఎత్తి "పాముచెవిని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టింది.

ఆ విద్య నేర్పింది వాళ్ళ నాన్న. ఆయన సినిమాలకు శబ్దం రికార్డు చేసేవాడు. ఆమె చిన్నగా ఉన్నప్పుడు కళ్ళకు గంతలు కట్టి, గదిలో చెంచా విసిరి, ఎక్కడ పడిందో చెప్పమనేవాడు. ఆమె పెళ్ళి రెండేళ్ళకే పెటాకులైంది. అమ్మ పోయింది. ఇప్పుడు ఇంట్లో తండ్రీ కూతుళ్ళిద్దరే. ఆయనకు డెబ్భై ఎనిమిదేళ్ళు, కుడిచెవి పూర్తిగా పోయింది.

ఆ ఏడాది ఆమె చేతికి "గొళ్ళెం" అనే సినిమా వచ్చింది. ముప్పై ఆరేళ్ళ కిందటిది. భర్త తనను కొట్టుగదిలోకి తోసి గొళ్ళెం పెడుతున్నాడని భార్య అంటుంది. లేదు, తనే వెళ్ళి లోపల కూర్చుంటోందని భర్త అంటాడు. ఎవరిది నిజమో చివరిదాకా తేలదు. విడుదలైన ఎనిమిదో రోజున హాళ్ళలోంచి ఎత్తేశారు. తర్వాత దాని ఊసెత్తినవాళ్ళు లేరు. ఈ మధ్యనే ఒక విమర్శకుడు ఎక్కడో అరిగిపోయిన కాపీ చూసి, ఇంత గొప్ప సైకలాజికల్ థ్రిల్లర్‌ను ఎలా మరిచిపోయామని పేజీలకు పేజీలు రాశాడు. అప్పటి నిర్మాత పోయాడు. ఆయన కొడుకు సినిమాను బాగుచేయించి మళ్ళీ విడుదల చేయడానికి పూనుకున్నాడు.

ఇప్పుడు అందరూ చెప్పుకునేది ఒకే సీను. కొట్టుగదిలో కథానాయిక తలుపు బాదుతూ నాలుగు నిమిషాల పాటు అల్లాడుతుంది. సంగీతం సన్నగా ఉంటుంది, మిగతాదంతా ఆమె ఊపిరే. శబ్దం పట్టింది నాన్నే, ఆ శబ్దానికే ఆయనకు షీల్డు ఇచ్చారు. అది ఇప్పటికీ టీవీ పక్కన ఉంది. ఆ కథానాయికకు మాత్రం అదే మొదటి సినిమా, అదే ఆఖరిది.

నెలరోజుల పాటు పాముచెవి ఇంటికొచ్చిన ప్రతిసారీ ఆ సీను గురించే చెప్పేది. "ఏం నటించింది నాన్నా! నువ్వేం పట్టావు నాన్నా ఆ ఊపిరిని!" అనేది. నాన్న ముసిముసిగా నవ్వుకునేవాడు.

అప్పుడే ఒక చిన్న తేడా ఆమె కంటపడింది. బొమ్మ శుభ్రమయ్యాక కథానాయిక పెదవులు స్పష్టంగా కనిపించాయి. సినిమాలో వినబడే మాట "ఏవండీ, తలుపు తీయండి" అని. పెదవులు మాత్రం "ఏవండీ" అనడం లేదు. ఇంకేదో పొట్టి మాట అంటున్నాయి. పాముచెవి ఆ ముక్కను ఇరవైసార్లు తిప్పి తిప్పి చూసింది. ఆమె అంటున్నది "సార్" అని.

సినిమాలో ఆ ఇంట్లో సార్ అని పిలవడానికి ఎవరూ లేరు.

సినిమాలో మాటలు తర్వాత డబ్బింగులో పెట్టినవి కాబట్టి, అసలు షూటింగులో తీసిన టేపు దొరికితే తేలిపోతుందని, నిర్మాత కొడుకు పంపిన రేకుడబ్బాలన్నీ వెతికింది. అడుగున ఉన్న ఒక డబ్బా మీద నాన్న చేతిరాత కనిపించింది. "కొట్టుగది, మొత్తం." మూత తీయగానే పాచిపోయిన పులుపు వాసన గుప్పుమంది. పాత టేపులు చివికితే అలాగే కంపు కొడతాయి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, టేపును మెల్లగా మిషన్‌కి ఎక్కించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

పదకొండు నిమిషాలు ఉంది.

మొదటి నిమిషం సీనే. తలుపు బాదుతోంది, రాసిచ్చిన మాటలు చెబుతోంది. ఆ తర్వాత గొంతు మారిపోయింది. "సార్, సీను అయిపోయింది కదా సార్. తలుపు తీయండి." బయట, గోడ కన్నంలోంచి తీస్తున్న కెమెరా దగ్గర, ఎవరో కిసుక్కున నవ్వారు. "సార్, ఇక్కడేదో కుళ్ళిన వాసనొస్తోంది. సార్, కాళ్ళ మీద ఏదో పాకుతోంది." అప్పుడు డైరెక్టర్ గొంతు, ఏ తొందరా లేకుండా, కాఫీ చెప్పినంత మామూలుగా వినిపించింది. "కెమెరా ఆపొద్దు. ఇంకో నాలుగు వదలండి." చిన్న తలుపేదో కిర్రుమంది. వెంటనే ఎలుకల కిచకిచలు. ఆ పిల్ల పెట్టిన కేకకు పాముచెవి హెడ్‌ఫోన్లు లాగేసింది.

మళ్ళీ పెట్టుకుంది. లోపల ఆ అమ్మాయి వాంతి చేసుకుంటోంది. బయట ఎవరో తింటున్నారు. తలుపు సందులో పెట్టిన మైకుకు బాగా దగ్గరగా, తీరుబడిగా, చప్పరిస్తూ. నమిలినప్పుడల్లా దవడ టక్కుమంటోంది. నమలడం, టక్కు. నమలడం, టక్కు. ఆ టక్కును పాముచెవి నలభై ఏళ్ళుగా భోజనాల బల్ల దగ్గర వింటోంది. నోరు తెరిచి మాట్లాడకముందే ఆ మనిషెవరో ఆమెకు తెలిసిపోయింది.

"సార్, మైకు దగ్గరికే వచ్చేసింది," అన్నాడు నాన్న, నోట్లో ముద్దతోనే. "ఇంకాస్త ఉంచండి. ఊపిరి భలే వస్తోంది."

పాముచెవి లేచి బాత్రూమ్ దాకా వెళ్ళలేకపోయింది. చెత్తబుట్టలోనే కక్కుకుంది.

ఇంటికి వెళ్ళేసరికి నాన్న పాలల్లో రొట్టె ముంచుకుని తింటున్నాడు. మెత్తబడిన రొట్టె పెదవి పక్కన అంటుకుని ఉంది. ఎదురుగా కూర్చోబోయి, కూర్చోలేక, నిలబడే అడిగింది.

"కొట్టుగది టేపు విన్నాను నాన్నా. మొత్తం."

ఆయన ఎడమచెవి ఇటు తిప్పాడు. "ఇంకా ఉందా అది? చెడిపోయుంటుందనుకున్నా."

"ఆ అమ్మాయికి ఎలుకల సంగతి ముందే చెప్పారా?"

"చెప్తే భయమెలా వస్తుందే? కొత్తపిల్ల. పొద్దుట్నుంచీ పదిసార్లు తీసినా మొహంలో ఏమీ పలకలేదు. డైరెక్టర్ గారికి చిర్రెత్తుకొచ్చింది."

"కుళ్ళిన వాసన ఏంటి?"

"చేపలు. రెండ్రోజులు ఎండలో పెట్టించాడు." అంటూ ఆయన ఇంకో ముక్క ముంచాడు. "అప్పట్లో అంతేనమ్మా. ఇప్పటి మాటల్తో అప్పటి పనుల్ని తూచకు."

"నువ్వు తింటున్నావు నాన్నా. ఆ పిల్ల అక్కడ వాంతి చేసుకుంటుంటే నువ్వు తింటున్నావు."

"భోజనం టైమది." ఆయన చిన్నబుచ్చుకున్నట్టు అన్నాడు. "ఎలకల్ని నేను తెచ్చానా? తలుపుకి గొళ్ళెం నేను పెట్టానా? నా పని నేను చేశాను. అయినా నువ్వు మాత్రం? నెల్రోజులై ఆ ఊపిరి ఎంత బాగుంది, ఎంత బాగుందని నా బుర్ర తినేశావు కదే."

ఆ మాట ఆమెను చెంపమీద కొట్టినట్టయింది. నిజమే. ఆ ఊపిరిని ఆమె ఎంత ముద్దుగా శుభ్రం చేసిందని! ఒక్కో రొప్పు విడిగా తీసి, చుట్టూ ఉన్న గరగర తుడిచి, ఇంకాస్త దగ్గరగా వినబడేలా చేసింది. తన చేతులు చూసుకుంటే తనకే కంపరం పుట్టింది. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. ఆయన పాలగిన్నె మాత్రం తీయలేదు.

ఆ కథానాయిక ఆచూకీ నాలుగు రోజుల్లో దొరికింది. ఊరి అవతలివైపు కారు నడపడం నేర్పే స్కూలు పెట్టుకుంది. అరవై ఏళ్ళుంటాయి. జుట్టు కత్తిరించుకుని, ముక్కుమీదికి జారే కళ్ళద్దాలు పెట్టుకుని ఉంది. నేర్చుకునేవాళ్ళంతా టీచరమ్మా అని పిలుస్తున్నారు. పాముచెవి తను ఏ సినిమా పని మీద వచ్చిందో చెప్పగానే ఆమె ముఖం బిగుసుకుంది.

"కారెక్కండి," అంది. "నేను గదుల్లో కూర్చుని మాట్లాడను. మీరే నడపండి."

నాలుగు అద్దాలూ దించి ఉన్నాయి. దుమ్మంతా లోపలికే వస్తోంది. పాముచెవి తడబడుతూ గేరు మార్చింది.

"క్లచ్ మీంచి కాలు తీయండి ముందు, పాపం అరుస్తోంది," అంది టీచరమ్మ. "భయపడకండి, నా వైపు కూడా బ్రేకుంది. ఊఁ, చెప్పండి. ఆ సినిమాకి నాకు సన్మానం చేస్తారా ఏంటి? ఆ విమర్శకుడెవరో ఫోన్ చేశాడు. మీ నటనలో ఆ భయం ఎలా పలికించారు మేడమ్ అనడిగాడు. పెట్టేశాను."

"టేపు దొరికింది టీచరమ్మా. అసలుది. మొత్తం విన్నాను."

టీచరమ్మ తన వైపు బ్రేకు గట్టిగా తొక్కింది. కారు రోడ్డు పక్కన కుదుపుతో ఆగింది. వెనకాల స్కూటరువాడు తిట్టుకుంటూ పోయాడు.

"ఎలకలున్నాయా అందులో?" అనడిగింది.

"ఉన్నాయి. మొదట కొన్ని. తర్వాత డైరెక్టర్ ఇంకో నాలుగు వదలమన్నాడు. మాట స్పష్టంగా ఉంది."

టీచరమ్మ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత నవ్వింది.

"ముప్పై ఆరేళ్ళు. మా అక్క నాతో పాటు షూటింగ్‌కి వచ్చేది. ఆరోజు దాన్ని ఏదో పని చెప్పి బయటికి పంపేశారు. తిరిగొచ్చాక చెప్తే, రబ్బరు ఎలకలే పిచ్చిదానా, పాత్రలో లీనమైపోయావ్ అంది. డైరెక్టర్ అలా చెప్పాడట దానికి. మా అమ్మా అదే అంది. పెళ్ళయ్యాక మా ఆయనా అదే అన్నాడు. మా అక్క పోయేముందు కూడా, నువ్వు కొంచెం ఎక్కువ చేస్తావే, అనే పోయింది. కొన్నాళ్ళకి నాకే అనుమానమొచ్చింది, రబ్బరువేనేమో అని. సినిమాలో నా పాత్ర లాగే అయిపోయింది నా బతుకు."

దాచడం ఇష్టంలేక పాముచెవి చెప్పేసింది. "శబ్దం తీసింది మా నాన్న. ఆయన గొంతు కూడా ఉంది."

టీచరమ్మ తల తిప్పి ఆమెను నిదానంగా చూసింది. "తింటున్నది ఆయనేనా?"

పాముచెవి తలూపింది.

"తలుపుకి చెవి ఆనించి విన్నాను నేను. బయట అంత తీరిగ్గా తినేవాళ్ళున్నారంటే నేను చావనులే అనుకున్నా." ఆమె మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకుంది. "చూడండి, ఆ సినిమాలో నేను చేసిన సీను ఒకటుంది. అద్దం ముందు జడేసుకుంటూ మొగుడికి అబద్ధం చెప్పేది. మూడ్రోజులు ఇంట్లో కూర్చుని నేర్చుకున్నాను దాన్ని. దాని గురించి ఒక్కడూ రాయలేదు. కొట్టుగదిది నేను చెయ్యలేదు. అది నాకు జరిగింది. దాన్ని తీసెయ్యమనండి. మిగతాది వేసుకోమనండి. నాకు ఆ టేపు కాపీ ఒకటి కావాలి."

మర్నాడు పాముచెవి కాపీ తీసి టీచరమ్మకు ఇచ్చేసి, నిర్మాత కొడుకు ఆఫీసుకు వెళ్ళింది. అతను ఓపిగ్గా విన్నాడు. చిటికెనవేలి గోటితో పళ్ళు కుట్టుకుంటూ విన్నాడు.

"ఆ సీను తీసేస్తే ఇంకేముందండీ సినిమాలో?" అన్నాడు. తర్వాత అతని కళ్ళు మెరిశాయి. "అసలు మీరు చెప్పింది బయటపెడితేనే బాగుంటుంది. పోస్టరు మీద వేద్దాం. నటన కాదు, నిజమైన భయం అని. జనం ఎగబడతారు. ఆ టేపులో ఒక ముక్క టీజర్‌కి పనికొస్తుందేమో చూడండి."

పాముచెవి సంచి భుజానికి తగిలించుకుంది. "మీకు ఆ టేపు నేనివ్వను," అని లేచింది.

"అది నా టేపమ్మా."

"అయితే నాతో కాదు, ఇంకెవరితోనైనా చేయించుకోండి."

చేయించుకునేవాడే. కాని ఈలోపు టీచరమ్మ కాపీ తీసుకుని నటీనటుల సంఘానికి వెళ్ళింది. కార్యదర్శి మొదట పాత ముచ్చటని దాటేయాలని చూశాడు. ఆమె రోజూ వెళ్ళి వరండాలో కూర్చోవడం మొదలుపెట్టింది. ఏడో రోజుకు అతను విసిగిపోయి, అందర్నీ పిలిచి తేల్చేద్దామన్నాడు.

ఆ ఉదయం సంఘం గదిలో అయిదుగురున్నారు. కార్యదర్శి, నిర్మాత కొడుకు, టీచరమ్మ, టేపు వినిపించడానికి పాముచెవి, ఇంకా డైరెక్టర్. ఆయనకు ఎనభై దాటాయి. చేతికర్ర, మెడచుట్టూ మెత్తటి శాలువా, ఒంటినిండా అత్తరు. రాగానే పాముచెవి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు. "మీ నాన్న బంగారం. నా మనసులో ఏముందో చెప్పకుండానే తెలిసేది వాడికి," అన్నాడు. ఆ అరచేతులు చల్లగా, తడిగా ఉన్నాయి. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుని కుర్చీకి తుడుచుకుంది.

ఆయన టీచరమ్మను చూసి, "ఎలా ఉన్నావే పిల్లా?" అన్నాడు. ఆమె లేచి వెళ్ళి గది తలుపు బార్లా తెరిచి, మూసుకోకుండా కుర్చీ అడ్డం పెట్టింది.

పాముచెవి టేపు వేసింది. మూడో నిమిషంలో కార్యదర్శి చెయ్యెత్తాడు. "చాలమ్మా, చాలు. అర్థమైంది. ఆపెయ్యండి."

"ఆపొద్దు," అంది టీచరమ్మ. "నేను ఆపమన్నప్పుడు ఎవరూ ఆపలేదు కార్యదర్శి గారూ. పదకొండు నిమిషాలే. వినండి. తలుపు తీసే ఉంది. ఉండలేనివాళ్ళు లేచి వెళ్ళిపోవచ్చు."

ఎవరూ లేవలేదు. ఎలుకలు వచ్చేసరికి కార్యదర్శి తల దించేసుకున్నాడు. వాంతి వినబడేసరికి నిర్మాత కొడుకు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నాన్న నమలడం, టక్కు, నమలడం, టక్కు గది నాలుగు మూలలా వినిపించింది. పాముచెవి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మిషన్ మీది ఎర్రదీపాన్నే చూస్తూ కూర్చుంది.

చివర్లో ఆ అమ్మాయికి అరిచే ఓపిక కూడా పోయింది. తలుపు కింద సందులోంచి గాలి పీల్చుకుంటున్న చప్పుడొక్కటే మిగిలింది. అప్పుడు డైరెక్టర్ కళ్ళు మూసుకున్నాడు. ముఖంలో మెల్లగా హాయి పరుచుకుంది. వేళ్ళు చేతికర్ర మీద తాళం వేస్తున్నట్టు కదిలాయి.

"ఆహా," అన్నాడు. "చూశారా ఆ రొప్పు! ఎవత్తి చెయ్యగలదయ్యా ఇప్పుడు? పిల్లా, నా వల్లే నువ్వు ఇంకా బతికున్నావు తెరమీద. నాకు దణ్ణం పెట్టాలి నువ్వు." ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆనందబాష్పాలు. పెదవి చివర తడి చేరింది. దాన్ని నాలుకతో తుడుచుకున్నాడు.

టేపు అయిపోయింది.

నిర్మాత కొడుకు తన కుర్చీని డైరెక్టర్ పక్కనుంచి చప్పుడు చేస్తూ ఇవతలికి లాక్కున్నాడు. పోస్టరు గురించి అన్నవాడు, టీజరు అడిగినవాడు, అతను కూడా. కార్యదర్శి అంతకుముందు దాకా సార్, సార్ అంటున్నవాడు, "నువ్వు బయట కూర్చో పెద్దాయనా," అన్నాడు.

డైరెక్టర్‌కి అర్థం కాలేదు. అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూశాడు. "ఏమైందయ్యా? బాగుందిగా?" అన్నాడు. చెయ్యి పట్టుకుని లేపడానికి ఎవరూ ముందుకు రాలేదు. కర్ర ఊతంతో తనే లేచి, కుర్చీ అడ్డం పెట్టిన తలుపులోంచి ఒదిగి ఒదిగి బయటికి పోయాడు. అత్తరు వాసన మాత్రం చాలాసేపు గదిలోనే ఉండిపోయింది.

సినిమా కొట్టుగది సీను లేకుండా, నాలుగు నిమిషాలు తక్కువగా విడుదలైంది. అసలు సీనే కోసేశారని కొందరు తిట్టారు. ఆ విమర్శకుడు మొదట కళను చంపేశారని రాసి, సంగతి తెలిశాక ఆ వ్యాసం తీసేశాడు. కాని తప్పయిందని ఎక్కడా రాయలేదు. కొట్టుగది సీను పాత కాపీల్లోంచి ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది. దాన్ని ఎవరూ ఏమీ చేయలేకపోయారు. కాకపోతే అద్దం ముందు జడ సీను గురించి ఒక పెద్దావిడ టీచరమ్మకు పోస్టుకార్డు రాసింది, మా అత్తగారింట్లో నేనూ అచ్చం అలాగే అబద్ధమాడేదాన్ని అని. టీచరమ్మ ఆ కార్డును కారులో ఎండ తగలకుండా దించే అట్టకు దోపి పెట్టుకుంది. పాముచెవికి మాత్రం ఆ నిర్మాత కొడుకు నుంచి గాని, అతని స్నేహితుల నుంచి గాని మళ్ళీ పని రాలేదు. రేడియో నాటకాలు శుభ్రం చేసే పనిలో చేరింది.

ఇంట్లో ఆమె నాన్నకు వేళకు వండిపెడుతుంది, మందులిస్తుంది, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తుంది. ఆయన తినేటప్పుడు మాత్రం ఆ గదిలో ఉండదు. ఆయనకు అది తెలుసు.

ఒకరోజు మధ్యాహ్నం బట్టలు మడత పెడుతుంటే ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆవిడ నంబరుందా నీ దగ్గర?" అనడిగాడు.

"ఎందుకు?"

"ఒక్కసారి మాట్లాడదామని. పోయేలోపు."

పాముచెవి టీచరమ్మకు ఫోన్ చేసి, నాన్న అడిగింది చెప్పింది. అవతల రోడ్డు రొద వినిపించింది. ఎవరికో "ఎడమకి, ఎడమకి, అద్దం చూసుకో" అని చెప్పి, తర్వాత టీచరమ్మ మాట్లాడింది.

"వద్దమ్మా. ఆయనకి చెప్పుకోవాలని ఉందేమో. నాకు వినాలని లేదు."

పాముచెవి ఆ మాటను నాన్న ఎడమచెవి దగ్గర ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన వెళ్ళి తన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమెకు జాలి వేస్తుందేమోనని చూసుకుంది. వేయలేదు. మిగిలిన బట్టలు మడత పెట్టడం మొదలుపెట్టింది.